ఎగువన ఆగితేనే దిగువన క్షేమం: జెర్సీ సిటీ వరదలు, హరిత మౌలిక వసతులు

నగరాన్ని ముంచే నీరు రెండు దారుల్లో వస్తుంది. నది గట్టు దాటినప్పుడో, సముద్రం ఉప్పొంగినప్పుడో బయటి నుంచి ఊళ్లోకి చొరబడే నీరు మొదటిది. ఊరి మీదే కురిసి, ఇంకడానికి నేల దొరకక, పోవడానికి కాలువ చాలక, వీధుల్లోనూ ఇళ్ల నేలమాళిగల్లోనూ నిలిచిపోయే వాన నీరు రెండోది. మొదటిదాన్ని ఎదుర్కోవడానికి కట్టలు, గోడలు, జలాశయాలు ఉన్నాయి. రెండోదానికి మాత్రం పెద్ద గొట్టాలు, బలమైన పంపులు తప్ప వేరే దారి లేదన్న అభిప్రాయం ఇంజినీర్లలో చాలాకాలం స్థిరపడి ఉండగా, ఇటీవలి దశాబ్దాల్లో దానికి తోడుగా మరో ఆలోచన బలపడింది. వాన నీటిని పడిన చోటే మట్టి, మొక్కలు, నీరు దిగే నేలల సాయంతో కాసేపు నిలిపి, కొంత ఇంకించి, మిగిలినదాన్ని నెమ్మదిగా విడిచిపెట్టే ఏర్పాట్లన్నిటినీ కలిపి హరిత మౌలిక వసతులు అంటున్నారు.

ఇంజినీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మృత్యర్థం సమర్పితమవుతున్న ఈ ఉపన్యాసం, తెలుగువారు గణనీయంగా నివసిస్తున్న అమెరికా నగరం జెర్సీ సిటీని ఉదాహరణగా తీసుకుని ఆ వసతుల శక్తినీ పరిమితులనూ పరిశీలిస్తుంది. ఇందులో ప్రతిపాదించే వాదం ఒక్కటే. హరిత వసతికి కావలసిన స్థలాన్నీ ఖర్చునూ ఎక్కువగా ఎగువ వీధులు భరించాల్సి వస్తుంది, దాని ఫలం ఎక్కువగా దిగువ వీధులకు దక్కుతుంది. కనుక అది ముందుగా ఎగువవారికీ దిగువవారికీ మధ్య కుదరవలసిన ఒప్పందం, ఆ తరువాతే తోటపని.

1908: రెండు నగరాలు, రెండు పాఠాలు

1908 సెప్టెంబరు 26న, బూంటన్ జలాశయం నుంచి జెర్సీ సిటీకి వచ్చే తాగునీటిలో క్లోరిన్ కలిపే పద్ధతి డాక్టర్ జాన్ లీల్ ఆధ్వర్యంలో మొదలైంది. అమెరికాలో ఒక నగరపు నీటి సరఫరా మొత్తాన్ని శాశ్వత ప్రాతిపదికన అలా శుద్ధి చేయడం అదే ప్రథమమని ప్రజారోగ్య చరిత్రకారులు చెబుతారు. సరిగ్గా రెండు రోజుల తరువాత, సెప్టెంబరు 28న, మూసీ పొంగి హైదరాబాదులో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై హైదరాబాదు వచ్చిన విశ్వేశ్వరయ్య పరిశీలన నగరం నడిబొడ్డున మొదలైనా అక్కడితో ఆగలేదు. మూసీ పరీవాహకంలో ఉన్న దాదాపు ఎనిమిది వందల చెరువుల్లో రెండు వందలకు పైగా ఆ వానకు తెగిపోయి, వాటి నీరంతా నదిలో కలవడం వరద ఉధృతిని పెంచిందని ఆయన గుర్తించారు. నగరానికి ఎగువన మూసీ మీద, దాని ఉపనది ఈసా మీద నీటిని ఆపే జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్.

ఆ అనుభవంలో నేటికీ పనికివచ్చే పాఠాలు రెండున్నాయి. వరదను ఊరి మధ్యలో కాక ఎగువనే పట్టుకోవాలన్నది మొదటిది. చిన్న చిన్న నిలువలు ఎన్ని ఉన్నా, వాటిని కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు లేకపోతే అవి ఆపద సమయానికి అక్కరకు రావన్నది రెండోది. దూరం నుంచి తెచ్చుకున్న నీటిని శుద్ధి చేసుకోవడంలో దేశానికే దారి చూపిన జెర్సీ సిటీ, తన నెత్తిన కురిసిన నీటిని సాగనంపడంలో వందేళ్లకు పైగా తడబడుతూ రావడానికి కారణాలు ఆ ఊరి నేలలోనూ, ఆ నేల కింద వేసిన గొట్టాల్లోనూ ఉన్నాయి.

గట్టు, పల్లం, పూడిక

న్యూజెర్సీ రాష్ట్రంలో హడ్సన్, హాకెన్‌సాక్ నదుల మధ్య సన్నని ద్వీపకల్పం మీద ఉన్న ఈ నగరంలో 2020 జనగణన ప్రకారం 2,92,449 మంది ఉన్నారు. ఉత్తరం నుంచి దక్షిణానికి వెన్నెముకలా సాగే గట్టి రాతి గట్టు మీద హైట్స్, జర్నల్ స్క్వేర్ ప్రాంతాలు ఉండగా, తూర్పున హడ్సన్ వైపు డౌన్‌టౌన్, పడమట హాకెన్‌సాక్ వైపు లోతట్టు పేటలు ఉన్నాయి. నేటి డౌన్‌టౌన్‌లో చాలా భాగం ఒకప్పుడు సముద్రపు పోటు వచ్చిపోయే చిత్తడి నేల. పందొమ్మిదో శతాబ్దంలో రైల్వే యార్డుల కోసం, రేవుల కోసం ఆ చిత్తడినీ అందులోని వాగులనూ పూడ్చివేశారు. వాగును పూడ్చినంత మాత్రాన అక్కడి వాలు మారదు కనుక, గట్టు మీద కురిసిన వాన ఇప్పటికీ పాత దారినే వెతుక్కుంటూ పల్లానికి దిగుతుంది. అయితే దారిలో దానికి గడ్డి, మట్టి, మడుగు ఎదురుకావు. తారు రోడ్లు, కాంక్రీటు కాలిబాటలు, పైకప్పులు ఎదురవుతాయి. నీటిని లోపలికి దిగనివ్వని అటువంటి తలాలను ఇంకుడులేని తలాలు అనవచ్చు. అవి పెరిగిన కొద్దీ అదే వానకు పారే నీరు ఎక్కువవుతుంది, అది పల్లానికి చేరే వేగమూ పెరుగుతుంది.

భారతీయ దుకాణాలతో కిటకిటలాడే న్యూఆర్క్ అవెన్యూలోని ఇండియా స్క్వేర్ ఈ గట్టు మీదే ఉంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు అద్దెకు దిగే న్యూపోర్ట్ మేడలు, హడ్సన్ ఒడ్డున, 1980ల నుంచి పాత రైల్వే భూముల్లో లేచాయి. కూరగాయలకు, టిఫిన్లకు గట్టెక్కి, నిద్రకు పల్లానికి దిగే కుటుంబాలకు జోరువాన కురిసినప్పుడు తమ ఊరికి ఎగువ, దిగువ అనే రెండు ముఖాలున్నాయన్న సంగతి అనుభవానికి వస్తుంది.

ఒకే గొట్టంలో రెండు నీళ్లు

నేల వాలు, ఇంకుడులేని తలాల తరువాత జెర్సీ సిటీ వరదకు రెండో మూలం ఉమ్మడి మురుగు వ్యవస్థ. ఇంట్లోంచి వచ్చే మురుగునూ వీధిలోని వాన నీటినీ ఒకే గొట్టంలోకి వదిలే పాత పద్ధతికే ఆ పేరు. వాన లేని రోజున ఆ మురుగును పంపులు న్యూఆర్క్‌లోని పసైక్ వ్యాలీ శుద్ధి కేంద్రానికి తోస్తాయి. జోరువాన కురిసినప్పుడు గొట్టం నిండిపోయి, శుద్ధి కాని మిశ్రమం నదీతీరంలోని ఇరవైకి పైగా తూముల గుండా నేరుగా నదుల్లోకి పోతుంది. అదే సమయానికి సముద్రం పోటు మీద ఉంటే నది మట్టం తూము కంటే పైకి లేస్తుంది. ఉప్పునీరు లోపలికి రాకుండా అమర్చిన తలుపులు మూసుకుంటాయి కనుక గొట్టంలోని నీటికి బయటి దారి కూడా మూసుకుపోయి, అది వీధి జాలీల్లోంచి, నేలమాళిగల డ్రెయిన్లలోంచి వెనక్కి తన్నుతుంది. న్యూయార్క్ రేవులో సముద్ర మట్టం గత శతాబ్ద కాలంలో సుమారు ఒక అడుగు పెరిగినందువల్ల ఆ తలుపులు తెరుచుకుని ఉండే వ్యవధి కూడా తగ్గుతూ వస్తోంది.

ఇటువంటి ఉమ్మడి గొట్టాలున్న పురపాలికలు న్యూజెర్సీలో 21 ఉన్నాయి. 2011లో కేంద్ర ప్రభుత్వంతో కుదిరిన న్యాయస్థాన ఒప్పందం కింద జెర్సీ సిటీ మురుగునీటి సంస్థ 5.2 కోట్ల డాలర్లకు పైగా మరమ్మతులకు వెచ్చించడానికి అంగీకరించింది. 2015లో రాష్ట్ర పర్యావరణ శాఖ ఇచ్చిన అనుమతి పత్రాలు, మురుగు పొర్లును దీర్ఘకాలంలో తగ్గించే ప్రణాళికలు తయారు చేయాలని ఆ పురపాలికలన్నిటినీ ఆదేశించాయి. గొట్టాలను వేరుచేయడం, భూగర్భ నిలువలు కట్టడం, శుద్ధి కేంద్రాన్ని పెంచడం వంటి మార్గాలతో పాటు హరిత వసతులను కూడా తప్పనిసరిగా పరిశీలించాలన్న షరతు వాటిలో ఉంది. నగరం మొత్తం గొట్టాలను తవ్వి రెండుగా వేయడం డబ్బుతోనూ కాలంతోనూ కూడిన మహా భారం కనుక, గొట్టంలోకి అసలు నీరే తక్కువగా దిగేలా చూడడం వివేకమన్న ఆలోచనకు ఆ షరతుతో అధికారికంగా చోటు దొరికింది.

వానతోట ఎలా పనిచేస్తుంది

హరిత వసతుల్లో అన్నిటికంటే సులభంగా అర్థమయ్యేది వానతోట. పైకప్పు నుంచో వీధి అంచు నుంచో వచ్చే నీరు చేరేలా నేలను సుమారు 15 సెంటీమీటర్ల లోతున పళ్లెంలా తవ్వి, పైన ఇసుకపాలు ఎక్కువగా ఉన్న మట్టి, దాని కింద కంకర పరిచి, నీటి ముంపునూ ఎండ తాకిడినీ తట్టుకునే స్థానిక మొక్కలు నాటుతారు. వీధి పక్క వానతోటకు కాలిబాట అంచురాయిలో ఒక గండి ఉంటుంది. నీరు అందులోంచి లోపలికి వచ్చి, ముందు కొన్ని రాళ్ల మీద పడి వేగం తగ్గించుకుని, మోసుకొచ్చిన ఇసుకనూ చెత్తనూ అక్కడే వదిలి, ఆ తరువాత మొక్కల మధ్యకు విస్తరిస్తుంది. తోట నిండిపోతే మిగులు నీరు పోవడానికి చెరువుకు అలుగు ఉన్నట్లే దీనికీ ఒక పొర్లు మార్గం ఉంటుంది. నిలిచిన నీరు 72 గంటల లోపు ఇంకిపోవాలన్నది న్యూజెర్సీలో పాటించే నియమం. అంతకు మించి నిలిస్తే దోమలు పుడతాయి, తరువాతి వానకు ఖాళీ ఉండదు.

ఇదే సూత్రం మీద ఇతర రూపాలు ఏర్పడ్డాయి. రాళ్ల సందుల్లోంచి నీరు కింది కంకర పొరలోకి దిగే పేవ్‌మెంట్లు, రోడ్డు పొడవునా సాగే మొక్కల కాలువలు, పలచని మట్టి పొర మీద మొక్కలు పెంచే పచ్చని పైకప్పులు, వేర్ల కింద నీటిని నిలిపే చెట్ల గుంతలు, పైకప్పు నీటిని పట్టే పీపాలు ఆ కోవలోవే. వీటన్నిటి పని వాన నీటిని మాయం చేయడం కాదు, అది గొట్టానికి చేరే సమయాన్ని సాగదీయడం. ఒక గంటలో ముంచుకు రావలసిన నీరు ఆరు గంటల్లో వస్తే అదే గొట్టం సరిపోవచ్చు, ఈలోగా పోటు తగ్గి తూము తలుపు తెరుచుకోనూ వచ్చు.

లెక్క చెప్పే హద్దులు

ఈ వసతుల శక్తిని అంచనా వేయడానికి పెద్ద గణితం అక్కరలేదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. న్యూజెర్సీ నిబంధనలు వాననీటి శుద్ధికి కొలబద్దగా తీసుకునేది రెండు గంటల్లో 1.25 అంగుళాలు, అంటే దాదాపు 32 మిల్లీమీటర్లు కురిసే వాన. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద అంత వాన పడితే 3,200 లీటర్ల నీరు దిగుతుంది. 20 చదరపు మీటర్ల వానతోట 15 సెంటీమీటర్ల లోతున 3,000 లీటర్లు నిలుపుతుంది, ఆ రెండు గంటల్లో మట్టిలోకి దిగేది అదనం. అంటే పైకప్పులో అయిదో వంతు విస్తీర్ణమున్న తోట ఆ వానను దాదాపు పూర్తిగా పట్టుకోగలదు. ఏడాదిలో కురిసే వానల్లో అత్యధికం ఈ కొలతకు లోబడినవే కనుక, మాటిమాటికీ వచ్చే మురుగు పొర్లునూ వీధి ముంపునూ తగ్గించడంలో హరిత వసతులకు నిజమైన బలం ఉంది.

అదే లెక్క వాటి పరిమితిని కూడా చూపుతుంది. 2021 సెప్టెంబరు 1న ఐడా తుపాను శేషం ఈ ప్రాంతం మీదుగా వెళ్లినప్పుడు పొరుగున ఉన్న న్యూఆర్క్‌లో ఒక్క రోజులో 8.41 అంగుళాలు, అంటే దాదాపు 214 మిల్లీమీటర్లు కురిసింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలోనే 3.15 అంగుళాలు నమోదైంది. పైన చెప్పిన పైకప్పు మీద న్యూఆర్క్‌లో పడినంత వాన పడితే 21,000 లీటర్లకు పైగా నీరు దిగుతుంది, దాన్ని నిలపడానికి అటువంటి తోటలు ఏడు కావాలి. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను తోసుకొచ్చిన సముద్రపు ఉప్పెన డౌన్‌టౌన్‌ను ముంచి ఎక్స్‌ఛేంజ్ ప్లేస్ రైలు స్టేషన్‌లోకి దిగినప్పుడు, వానతోటలు ఎన్ని ఉన్నా చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. చైనాలో వాననీటిని ఇంకించే నగరాల కార్యక్రమంలో ఎంతో ఖర్చు పెట్టిన జెంగ్‌జౌ 2021 జూలై 20న గంటలో 201.9 మిల్లీమీటర్ల వానకు మునిగిపోయిన తీరు కూడా ఈ సంగతినే చెబుతుంది. హరిత వసతులను సర్వరోగ నివారిణిగా ప్రచారం చేసి, మొదటి పెద్ద వానకే విశ్వాసం పోగొట్టుకోవడం కంటే వాటి హద్దును ముందే చెప్పి కట్టడం మేలు.

హద్దు తెలిసినవారు చిన్న వసతులకు పెద్ద నిలువలను జోడించారు. శాండీ అనంతరం కేంద్ర గృహనిర్మాణ శాఖ నిర్వహించిన రీబిల్డ్ బై డిజైన్ పోటీలో, హొబోకెన్, వీహాకెన్, జెర్సీ సిటీలకు సంబంధించిన ప్రణాళికకు 2014లో 23 కోట్ల డాలర్లు కేటాయించారు. సముద్రాన్ని అడ్డుకోవడం, వాన నీటిని ఆలస్యం చేయడం, నిలువ చేయడం, పంపులతో బయటికి తోడడం అనే నాలుగు పనులను ఒక్కటిగా చూడడమే ఆ ప్రణాళిక విశిష్టత. జెర్సీ సిటీని ఆనుకుని ఉన్న హొబోకెన్‌లో 2023లో తెరిచిన అయిదెకరాల రెజిలియెన్‌సిటీ పార్కు, పైకి పిల్లల ఆటస్థలంలా, పచ్చికబయలులా కనిపిస్తూనే, దాదాపు 20 లక్షల గ్యాలన్ల, అంటే 75 లక్షల లీటర్ల వాన నీటిని పట్టుకునేలా నిర్మితమైంది. ఆలస్యం చేసే పని వానతోటది, నిలువ చేసే పని ఇటువంటి పార్కుది, ఉప్పెనను ఆపే పని గోడది; ఒకదాని పని మరొకదానికి అప్పగిస్తే మూడూ విఫలమవుతాయి.

నేల ఒప్పుకోని చోట

నీటిని ఇంకించడమే మంచిదన్న సూత్రాన్ని జెర్సీ సిటీలో కళ్లు మూసుకుని అమలు చేయడానికి వీలులేదు. ఇరవయ్యో శతాబ్దంలో హడ్సన్ కౌంటీలోని క్రోమేట్ కర్మాగారాల వ్యర్థాన్ని చాలాచోట్ల పల్లపు నేలలకు పూడికగా వాడారు. క్రోమియం వంటి విషపదార్థాలున్న నేలలోకి వాన నీటిని దింపితే, వరద తగ్గినా భూగర్భజలం చెడుతుంది. అటువంటి చోట తోట అడుగున నీరు దిగని పొర పరచి, చిల్లుల గొట్టం అమర్చి, వడగట్టిన నీటిని నెమ్మదిగా కాలువలోకి పంపుతారు. అక్కడ ఆ తోట ఇంకుడు గుంత కాదు, కేవలం ఆలస్యపు తొట్టి. గట్టు మీద రాయి పైపైనే తగిలే చోటా, పల్లంలో భూగర్భజలం అడుగు లోతులోనే కనిపించే చోటా ఇదే జాగ్రత్త అవసరం.

పాత రైల్వే భూములు, తుక్కు యార్డులు ఉన్న కలుషిత నేలను శుభ్రం చేసి 2016లో తెరిచిన 17.5 ఎకరాల బెర్రీ లేన్ పార్కు ఈ కోణంలో గమనించదగ్గది. ఆటస్థలాలతో పాటు వందలాది చెట్లు, ఒక వానతోట అక్కడ చోటుచేసుకున్నాయి. కాలుష్యాన్ని తొలగించే పని, ఉద్యానం లేని పేటకు ఉద్యానం ఇచ్చే పని, వాన నీటిని ఆపే పని ఒకే ఖర్చులో కలిసి రాగలవని అది నిరూపించింది.

ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది

ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. గట్టు మీద ఇల్లున్న వ్యక్తి నేలమాళిగలోకి నీరు రాదు. అతడి పైకప్పు నీరు మరొకరి నేలమాళిగలోకి వెళుతుంది. తన పెరట్లో తోట తవ్వడానికి, కారు నిలిపే చోటు తగ్గించుకోవడానికి అతడికి స్వార్థపరమైన కారణం ఏదీ లేదు. అమెరికాలో చాలాచోట్ల మురుగు రుసుమును తాగునీటి వాడకాన్ని బట్టి వేస్తారు కనుక, ఒక్క కుళాయి కూడా లేని విశాలమైన పార్కింగ్ స్థలం గొట్టంలోకి లక్షల లీటర్ల వాన నీరు పంపుతూ దాదాపు ఏమీ చెల్లించదు; చిన్న అపార్ట్‌మెంట్‌లో కాపురముండే అద్దెదారు మాత్రం ఆ భారాన్ని తన బిల్లులో మోస్తాడు.

ఈ అసమానతను సరిదిద్దడానికి 2019 మార్చిలో గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకంతో న్యూజెర్సీలో ఒక చట్టం వచ్చింది. ఇంకుడులేని తలం ఎంత ఉంటే అంత నీటిని గొట్టానికి పంపుతున్నట్లు లెక్కగట్టి రుసుము వసూలు చేసే వాననీటి సంస్థలను ఏర్పాటు చేసుకోవడానికి అది స్థానిక ప్రభుత్వాలకు అధికారమిచ్చింది. విమర్శకులు దాన్ని వాన పన్ను అని ఎగతాళి చేసినా, ఆ పన్ను వాన మీద కాదు, వానను నేలకు అందనివ్వని కాంక్రీటు మీద. 2011లో 25 ఏళ్ల హరిత ప్రణాళికను చేపట్టిన ఫిలడెల్ఫియా ఇటువంటి రుసుమునే వేస్తూ, తన స్థలంలో నీటిని ఆపుకున్న యజమానికి అందులో తగ్గింపు ఇస్తోంది. దిగువవాడికి చేసిన మేలుకు ఎగువవాడికి ప్రతిఫలం ముట్టజెప్పే ఏర్పాటు అంటే అదే. దీనికి తోడు, 2021 మార్చి నుంచి న్యూజెర్సీలో పెద్ద నిర్మాణాలు తమ వాన నీటిని హరిత పద్ధతుల్లోనే నిర్వహించుకోవాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. కానీ అది కొత్త నిర్మాణాలకే వర్తిస్తుంది కనుక పాత పేటల మాట పన్నులు, ప్రోత్సాహకాలు, పౌరుల చొరవ మీదే ఆధారపడి ఉంది.

నీరటి లేని చెరువు

తెలంగాణ గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేది. ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఏ కట్ట ఎక్కడ బలహీనపడిందో చూసుకోవడానికి నీరటి ఉండేవాడు, అతడికి ఆయకట్టు నుంచి మేర ముట్టేది. ఆ వ్యవస్థ నడిచింది కేవలం కట్ట బలం మీద కాదు, నీరటికి జీతం కట్టిన ఒప్పందం మీద. జెర్సీ సిటీ వానతోటలకు కూడా కావలసింది అటువంటి మనిషే. అంచురాయి గండిలో ఆకులు అడ్డుపడితే నీరు తోటను దాటి పోతుంది. ఇసుక పేరుకుంటే ఇంకే వేగం పడిపోతుంది. పేవ్‌మెంట్ సందులను ఏటా యంత్రంతో శుభ్రం చేయకపోతే అది మామూలు పేవ్‌మెంట్‌గా మారుతుంది. ప్రారంభోత్సవానికి దొరికే నిధి అయిదో ఏటి కలుపుతీతకు దొరకకపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న జబ్బే.

వీధి జాలీని ఒక పౌరుడు దత్తత తీసుకుని, వానకు ముందు దాని మీది ఆకులూ చెత్తా తీసివేసే కార్యక్రమం జెర్సీ సిటీలో నడుస్తోంది. సొంత పెరడు లేని అద్దెదారుకు కూడా వరద నివారణలో ఒక పాత్ర ఇచ్చే ఈ చిన్న ఏర్పాటు ప్రశంసనీయమే. అయితే స్వచ్ఛంద సేవ జీతగాడి పనికి తోడు కావాలే తప్ప బదులు కాకూడదు. తోటకు ఎంత ఖర్చయిందో, దానితో పాటే పదేళ్ల నిర్వహణకు ఎంత కేటాయించారో ప్రకటించని ప్రతిపాదనను నగరపాలికలు ఆమోదించకపోవడమే సరైన నియమం.

తెలుగు నగరాలకు

ఈ చర్చ హడ్సన్ తీరంతో ముగిసేది కాదు. 2020 అక్టోబరులో హైదరాబాదును, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్‌ను ముంచిన వరదల్లో, నీటి దారుల్లో కట్టడాలు లేవడం, ఎగువ చెరువులు కుంచించుకుపోవడం, పల్లపు పేటలు ఆ భారాన్ని మోయడం అందరూ చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో నీరు-మీరు కార్యక్రమం, 2002లో జలం, భూమి, చెట్ల చట్టం ఇంకుడు గుంతలకు ప్రోత్సాహమిచ్చాయి. ఇళ్ల ప్లానులో గుంత గీసి, అనుమతి వచ్చాక దాన్ని మరచిపోయే అలవాటు వల్ల వాటిలో చాలా పూడిపోయాయి. జెర్సీ సిటీ నుంచి తెలుగు నగరాలు తీసుకోదగినది వానతోట నమూనా కాదు, నీటిని నేలలో దాచే విద్య ఇక్కడ పాతదే. తీసుకోదగినవి మూడు: ఎంత కాంక్రీటుకు ఎంత నీరన్న లెక్కను ఆస్తిపన్ను లెక్కలో చేర్చడం, ఎగువ వార్డుల్లో ఆపిన నీటిని దిగువ వార్డుల రక్షణగా గుర్తించి అక్కడి యజమానులకు తగ్గింపు ఇవ్వడం, ప్రతి గుంతకూ ప్రతి చెరువుకూ బాధ్యుడి పేరు, జీతం, ఏటి తనిఖీ రాసిపెట్టడం.

జెర్సీ సిటీలోని తెలుగు సంఘాలకు కూడా ఇందులో పని ఉంది. అపార్ట్‌మెంట్ సంఘాల బోర్డుల్లో, పురపాలక బడ్జెట్ మీద జరిగే బహిరంగ విచారణల్లో, బడి తల్లిదండ్రుల సమావేశాల్లో గట్టు మీదివారూ పల్లంలోనివారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, తమ పైకప్పు నీరు ఎక్కడికి పోతోందో పటం మీద చూసుకోవాలి. విశ్వేశ్వరయ్య మూసీని అర్థం చేసుకోవడానికి ఎగువకు వెళ్లి చెరువులు లెక్కపెట్టారు. జెర్సీ సిటీలోనైనా, హైదరాబాదులోనైనా వరద పని ఆ లెక్కతోనే మొదలుకావాలి. ఆ లెక్కలో తేలిన వాటా ప్రకారం ఎగువవారు స్థలమూ దిగువవారు సొమ్మూ నగరం జీతగాళ్లనూ సమకూర్చినప్పుడే హరిత వసతి అన్న మాటకు అర్థం చేకూరుతుంది.